మళ్లీ రాని నైట్ హాల్ట్ బస్సు

కరోనాకు ముందొకసారి మహదేవపూర్ మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న ఓ చిన్న ఊరికి వెళ్లాను. సాయంత్రం భూపాలపల్లి నుంచి వచ్చే బస్సు రాత్రికి అక్కడే ఆగి, తెల్లవారుజామున తిరిగి వెళ్లేది. డ్రైవర్‌కు, కండక్టర్‌కు ఊరివాళ్లు ఇంటికో రోజు చొప్పున వంతులేసుకుని అన్నం పెట్టేవాళ్లు. ఆ రోజు వంతు రాజక్కది. వాళ్ల పక్కన నన్నూ కూర్చోబెట్టి వంకాయ కూర వడ్డించింది. ఇన్నేళ్లయినా ఆ రుచి నన్ను వదల్లేదు. అందుకే ఈ ఎండాకాలం చివర్లో, ఇంట్లోవాళ్లు తిడుతున్నా వినకుండా బయలుదేరాను.

జనగామలో ఆరింటి బస్సెక్కి హన్మకొండలో మారాను. చెల్పూరు కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనబడ్డాయంటే భూపాలపల్లి దగ్గరపడ్డట్టే. అక్కడ టిఫిన్ చేసి, మరో బస్సులో మహదేవపూర్ చేరేసరికి ఒంటిగంట దాటింది. ఛార్జీలన్నీ కలిపి నాలుగు వందల లోపే అయ్యాయి. ఊరి బస్సు ఎప్పుడుందని అడిగితే ఆటో డ్రైవర్ నన్ను ఎగాదిగా చూశాడు.

“గా బస్సా? కరోనాల బందైంది సార్. మల్ల రాలే.”

“ఇన్నేండ్లాయె, ఇంకా రాకపోవుడేందన్నా?”

“ఎక్కేటోళ్లు లేరంటరు. బస్సే లేకుంటె ఎక్కుడెట్ల?”

రానూపోనూ ఆరు వందలన్నాడు. ఎంత బేరమాడినా దిగలేదు. సరేనని ఎక్కాను.

రాజక్క చేనులోనే ఉంది. కాయలున్న వంగచెట్లను వేళ్లతో సహా పీకి గట్టుమీద పడేస్తోంది. దున్నడానికి వచ్చిన ట్రాక్టర్ పక్కనే ఆగి ఉంది. పత్తి వేసేవాళ్లకు చేను కౌలుకిచ్చేసిందట. నేనెవరినో చెబితే పోల్చుకుంది.

“కాత మీదున్న చెట్లు పీకుతున్నవేందక్కా?”

“ఉంచి ఏం జేయాలె తమ్మీ? పొద్దుగాల బస్సుల గంపలేసుకొని భూపాలపల్లి పోయేటోళ్లం. కండక్టర్ మా అన్నం తిన్నోడాయె, గంపలు తానే అందుకునేటోడు. లాక్‌డౌన్ల కాయలన్ని బర్లకేసినం. అది ఎత్తేసినంక బస్సు రాకపోతదా అని మల్ల నారు పోసినం. వంతు ఉన్నోళ్లు దినాం ఇద్దరికి ఎక్కువ బియ్యం పోసి వండిన్రు. పొద్దుగూకినంక గా అన్నం పిల్లలకు పెట్టినం.”

“ఆటోల పంపరాదా?”

“పంపిన. కిరాయికే సరిపాయె. మార్కెట్ల నా జాగల ఇంకెవరో కూసున్నరు. ఊళ్లె అందరు తోటలు ఇడిశిన్రు, నాదే ఆఖరుది. రేపట్నించి ఇదే చేన్లకు కూలికొస్త.”

నాకు ఏడుపొచ్చినంత పనైంది. “బస్సు మల్ల ఎయ్యాలని ఆర్టీసీకి రాస్తనక్కా” అన్నాను.

ఆమె చేతికంటిన మట్టి దులుపుకుంది. “ఇప్పుడొస్తె మాత్రం, దాంట్ల ఏమేసుకొని పోవాలె?”

ట్రాక్టర్ కదిలింది.

కరోనా పోయిందని మనం హాయిగా చెప్పుకుంటున్నాం. గేదెలపాలైన ఆ మొదటి పంట నష్టాన్ని వీళ్లు ఎలాగో ఓర్చుకున్నారు. ఆ తర్వాత మెల్లగా పోయినవాటినే ఓర్చుకోలేకపోయారు: మార్కెట్లో చోటు, ఎరిగిన కొనుగోలుదారులు, సొంత సేద్యం. నాకు చాలా కోపం వచ్చింది, అది ఎవరి మీద చూపాలో తెలియలేదు. ఇప్పుడు బస్సు వచ్చినా ఆ తోటలు తిరిగి మొలుస్తాయన్న ఆశ నాకు లేదు. మీరూ ఆ ఊరికి వెళ్లి ఒడ్డున వండుకుని తినాలనుకుంటే ఒక్క సలహా: కూరగాయలు మహదేవపూర్‌లోనే కొనుక్కోండి. ఆ ఊళ్లో దొరకవు.