చెల్లె నా క్లాసుకొస్తదట

ఆ రోజుల్లో నాకున్న హోదా ఒక్కటే, చెల్లెలికంటే ఒక క్లాసు పైన ఉండటం. వయసులో మాకు రెండేళ్ళ తేడా ఉన్నా నేను బడికి ఆలస్యంగా వెళ్ళాను (ఆలస్యమని అమ్మ అంటుంది, గేటు పట్టుకుని ఏడ్చానని నాయనమ్మ అంటుంది), కాబట్టి చదువులో మిగిలింది ఆ ఒక్క ఏడాదే. ఆ కాస్త హోదాకీ ఎసరు పెట్టింది సూర్యాపేటలో మా బడి టీచరమ్మ. మూడో తరగతి పిల్ల నా నాలుగో తరగతి లెక్కలు నాకంటే ముందే చేసేస్తోందని నాన్నను పిలిపించి, "బుడ్డికి డబుల్ ప్రమోషన్ ఇస్తే మంచిగుంటది సార్. నాలుగు ఇడిసిపెట్టి సీదా అయిదుల కూసోబెడదాం. ముందుగాల కోదాడల కౌన్సెలర్ మేడంతోని పరీక్ష చేయించుకొని రాండి" అంది. వచ్చే జూన్‌లో అయిదులో కూర్చోబోయేది నేను!

ఆ రోజు నుంచి నా కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. అన్నం ముందు కూర్చునేవాణ్ణి, లేచేవాణ్ణి, వాకిట్లోకి వెళ్ళి మళ్ళీ వచ్చేవాణ్ణి.

"ఏందిరా, కాలు కాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?" అంది నాయనమ్మ.

"చెల్లె నా క్లాసుకొస్తదట."

"రానియ్యి. పక్కన కూసొని నీకు గింత సదువు చెప్తది."

పరీక్ష అయింది. ఫలితాలు వినడానికి నేనూ వస్తానని పట్టుబట్టాను (చెల్లెలి మీద ప్రేమ అనుకుని నాన్న మురిసిపోయాడు). మునగాల దాటేదాకా బస్సు చెడిపోవాలని మొక్కుకుంటూనే ఉన్నాను. చెడిపోలేదు. కోదాడలో మేడం కాగితం బల్ల మీద పెట్టిందో లేదో, పైనున్న అంకె చూసి నాన్న మిర్యాలగూడలో ఉన్న మేనత్తకు ఫోన్ కొట్టేశాడు. "అక్కా, నూటికి తొంబై ఎనిమిదొచ్చినయ్!"

"ఒక్క నిమిషం అండి, అవి మార్కులు కావు" అంది మేడం. "ఈ వయసు పిల్లల్ని వందమందిని నిలబెడితే, ఆలోచించడంలో మీ పాప తొంభై ఎనిమిది మందికన్నా ముందుంటుందని అర్థం."

"అక్కా, గది ఇంకా మంచిదేనంట!" అన్నాడు నాన్న ఫోన్లో.

నేను కుర్చీ అంచున వేలాడుతూ మెడ చాచి చూశాను. కింద ఇంకో అంకె కనబడింది. ప్రాణం లేచి వచ్చింది. "మేడం, గీడ యాభయ్యే ఉంది! గిండ్ల ఫెయిలా?"

"కాదు నాన్నా. రాత వేగంలో అందరి పిల్లల్లాగే ఉందని. తప్పేం లేదు. కానీ అయిదులో పేజీలకు పేజీలు రాయాలి కదా, బుర్ర పరిగెడితే చెయ్యి వెనకబడుతుంది." నాన్న వైపు తిరిగింది. "ఒక్క అంకె చూసి పిల్లని పైకి ఎక్కించెయ్యకూడదండి. అన్నీ కలిపి చూడాలి. పాపని కూడా అడగాలి."

(నన్నెవరూ అడగలేదు.)

చెల్లె క్షణం కూడా ఆలోచించలేదు. "నాకు నాలుగే కావాలె. నా దోస్తులందరు గాడనే ఉంటరు. లెక్కలు మాత్రం అన్న క్లాసుల నేర్సుకుంట."

"అలా కూడా చెయ్యొచ్చండి. ఆ ఒక్క పీరియడ్‌కే పంపించండి" అని మేడం నవ్వింది. నాన్న కాస్త నీరసంగా మళ్ళీ ఫోన్ తీశాడు. "అక్కా, డబుల్ కాదంట. లెక్కల మట్టుకే."

మునగాల దాకా సంతోషంగానే ఉన్నాను. అక్కడ తట్టింది నాకు. తెలుగుకు వచ్చినా, సైన్సుకు వచ్చినా ఎలాగో నెట్టుకొచ్చేవాణ్ణి. అన్నీ వదిలేసి లెక్కలకా!

జూన్‌లో వచ్చింది, పెన్సిల్ డబ్బా గుండెకు హత్తుకుని. సార్ బోర్డు మీద పైనెక్కడో ఒక లెక్క వేసి, ఎవరు చేస్తరని అడిగాడు. లేచిన చెయ్యి ఒక్కటే. తీరా వెళ్ళాక ఆ లెక్క పిల్లకు అందలేదు. మునివేళ్ళ మీద నిలబడినా అందలేదు. క్లాసంతా గొల్లున నవ్వింది. చెల్లె వెనక్కి తిరిగి, కింది పెదవి వణుకుతుంటే, నన్ను చూసింది. అది నవ్వులపాలు కావాలని ఎండాకాలం అంతా కోరుకున్నవాణ్ణి, ఎందుకు లేచానో తెలియదు. వెళ్ళి నడుం పట్టుకుని ఎత్తాను.

"అన్నా, ఇంక జర పైకి."

"జల్దీ రాయవే, చేతులు గుంజుతున్నయ్!"

అది మాత్రం మేడం చెప్పిన వేగంతోనే, ముత్యాల్లా, తీరిగ్గా రాసింది. జవాబు సరిపోయింది. క్లాసు చప్పట్లు కొట్టింది. ఎవరికోసం కొట్టారో నేను ఇప్పటిదాకా ఎవరినీ అడగలేదు. అప్పటి నాలోని పిల్లాడు మాత్రం, అవి ముమ్మాటికీ తనకే అనుకుని, చొక్కా సర్దుకుని, దర్జాగా వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.