కొలిచి ఇచ్చిన గాలి

కొత్తగూడ దగ్గరి తండాలో నరేందర్ చదువు పేరు ఎవరికీ నోరు తిరగలేదు. రెస్పిరేటరీ థెరపీ అంటే ఊపిరి ఆడనివాళ్ళకు సిలిండర్లతో, యంత్రాలతో ఊపిరి నిలబెట్టే పని. తండా దాన్ని "గాలి డాక్టర్" చేసేసింది. తండ్రి మంగీలాల్ ఆ మాటను దగ్గుతూనే పదిమందికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. చుట్టలు కాల్చీ, పోడు పొగ మింగీ ఆయన ఊపిరితిత్తులు ఏనాడో పాడయ్యాయి. కొడుకు ఆ చదువులో చేరింది ఆ దగ్గు వినలేకే.

సకల జనుల సమ్మెకు హైదరాబాద్‌లో కాలేజీ మూతపడింది. బస్సుల్లేవు. నరేందర్ లారీలు మారి మారి వచ్చేసరికి తండ్రి మహబూబాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో ఉన్నాడు. ముక్కుకు గొట్టం, పక్కన సిలిండర్, దానికి గాలి బుడగలై పోయే నీళ్ళ సీసా. డాక్టర్ పొద్దున ఒకసారి చూసి పోతాడు. మిగతా పొద్దంతా కొడుకే కాపలా.

ఏళ్ళ తరబడి చెడిన ఊపిరితిత్తులకు ఆక్సిజన్ కొంచెమే ఇవ్వాలి. ఎక్కువైతే ఒళ్ళు ఊపిరి తీయడమే తగ్గించేస్తుంది, లోపల చెడుగాలి పేరుకుని మనిషి మత్తులోకి జారిపోతాడు. పైకి మాత్రం హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటాడు. కాలేజీలో నరేందర్‌కు భయపెట్టి మరీ నేర్పిన పాఠం ఇది. అందుకే వాల్వు సన్నగా తిప్పి ఉంచాడు.

తండాలో ఒకరు దవాఖానలో పడితే ఇంటికొకరు వచ్చి చూడాలి. రాకపోతే పగ పట్టినట్టే లెక్క. రైల్ రోకోకు వచ్చిన తండా జనం జెండాలతోనే వార్డులోకి నడిచారు. పక్కమంచం సీసాలో నీళ్ళు మరిగినట్టు తెర్లుతున్నాయి. మంగీలాల్ సీసాలో ఒక్కొక్క బుడగే లేస్తోంది. ఇంకేముంది, అందరి కళ్ళూ అక్కడే పడ్డాయి.

"గాయినకు గట్ల తెర్లుతున్నయి, మా అన్నకు గింతేనా?" అన్నాడు బాబాయి తావుర్యా. "కన్నతండ్రికి గాలి గూడ కొలిచి పోస్తున్నవారా?"

"ఎక్కువైతే పానానికే ముప్పు కాకా."

"గాలి ఎక్కువై సచ్చినోన్ని నేనెన్నడు జూడలే."

అందరూ నవ్వారు. తల్లి బుచ్చి నవ్వలేదు. ఎగశ్వాసతో మంగీలాల్ ఆమె చెయ్యి పట్టుకుని, "గాలి సాల్తలేదే," అంటున్నాడు. కట్టుకున్న మనిషి అట్లా అడుగుతుంటే ఏ ఆడది ఓర్చుకుంటుంది?

సిలిండర్ అయిపోవస్తోంది. సమ్మెలో కొత్తవి రావడం లేదు. పట్టాలవతలి దవాఖానలో ఒకటుందంటే నరేందర్ బయలుదేరాడు. "వాల్వు ముట్టకు యాడీ," అని తల్లికి మరీ మరీ చెప్పాడు. పట్టాల నిండా జనం కూర్చున్నారు. వాళ్ళను దాటి, సిలిండర్ మోయించుకుని వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

వార్డులో అందరి ముఖాలూ తేటపడి ఉన్నాయి. సీసా బుసబుస పొంగుతోంది.

"సప్పుడు జెయ్యకు," అంది బుచ్చి మెల్లగా. "నేనే జర ఇడిసిన. ఎన్ని దినాలకు కంటినిండ పండిండో సూడు."

నరేందర్ తండ్రిని కుదిపాడు. కళ్ళు తెరవలేదు. వాల్వు తగ్గించి, నర్సును కేకేసి, ముఖానికి గాలిసంచి పెట్టి చేతులు పడిపోయేదాకా పిసికాడు. మంగీలాల్ ఆ చేతుల కిందే పోయాడు.

తండా చూసింది ఇంతే: మంచిగా నిద్రపోతున్న మనిషి, కొడుకొచ్చి వాల్వు తిప్పాడు, మనిషి పోయాడు.

"గాలి బంద్ జేసిన చెయ్యితోని నిప్పు వెట్టద్దు," అన్నాడు తావుర్యా. నరేందర్ తమ్ముడు ప్రేమ్‌సింగ్ కొరివి పెట్టాడు. పెద్దకొడుకును దూరంగా నిలబెట్టారు. ఎక్కువైన గాలే ప్రాణం తీసిందని ఒక్క మాట చెబితే బయటపడేవాడు. ఆ మాట వింటే తల్లి బతకదు. నోరు మూసుకుని మంట చూశాడు.

చదువు పూర్తిచేసి భూపాలపల్లిలో ఒక దవాఖానలో చేరాడు. బొగ్గుబావుల మనుషులు ఆయాసంతో అతని దగ్గరకే వస్తారు. తండావాళ్ళు మాత్రం ఎంత రొప్పుతున్నా అతని గడప తొక్కలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు తండాలో డప్పులు మోగుతుంటే ఇంటికొచ్చాడు. బుచ్చి అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నేను ఇడిసినంక ఎంత మంచిగ పండిండు మీ బాపు. నువ్వెందుకు ముట్టినవ్ కొడుకా?"

నరేందర్ చేతిలో ముద్ద కంచంలో పెట్టాడు.

"తప్పయింది యాడీ."

"ఒప్పుకున్నవ్ గద," అంది బుచ్చి. "ఇగ తిను."