నడిపి చూడమన్న అక్క

మా తిరుపతి ఆఫీసులో డేటాబేస్ పని చూసే అక్క ఒకామె ఉండేది. డేటాబేసులో సమాచారం వెతకమని రాసే క్వెరీ ఎన్ని వరుసలు చదువుతుందో డేటాబేస్ ముందే చెప్పే ప్లాన్‌ను ఎవరు చూపించినా, స్క్రీన్ మీద వేలుపెట్టి, "ఇది అంచనా అప్పా. నడిపి సూసినావా?" అనేది.

ఒక పొద్దున మా ఆఫీసు నడిపే తిరుచానూరు లాడ్జీల బుకింగ్ ఆగిపోయింది. యాత్రికులు సామాన్లతో కౌంటర్ల ముందు నిలబడిపోయారు. ముందురోజు అక్క ఒక క్వెరీ మార్చింది. అదే రోజు నేను పాత బుకింగులన్నీ క్లౌడ్ డేటాబేసులోకి ఎక్కించి, వాటిని వెతికే క్వెరీ రాశాను. ఎవరి క్వెరీ వల్ల ఆగిందని మేనేజర్ అడిగితే రెండు ప్లాన్లూ చూశాను. నాదానికి పది వరుసలని ఉంది, అక్కదానికి వేలల్లో ఉంది.

"అక్క క్వెరీయే సార్," అన్నాను.

"రెండూ నడిపి సూడండి సార్," అని అక్క బతిమాలింది. ఆయన వినలేదు, అందరి ముందూ తిట్టాడు. సర్వర్ సామర్థ్యం పెంచి ఆ పూట గడిపేశారు. నెలాఖరుకు అక్క ఉద్యోగం మానేసింది.

ఆ తర్వాత ఒకరోజు నా క్వెరీని నడిపి చూశాను. పది అన్నచోట తొమ్మిది లక్షల వరుసలు చదివింది. కొత్త డేటా ఎక్కిందని డేటాబేసుకు తెలిపే చిన్న కమాండ్ నేను ఇవ్వనేలేదు; అది పాత లెక్కతోనే పది అని అంచనా వేసింది. అప్పుడిచ్చి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాను.

మొన్న శ్రీకాళహస్తి బస్టాండులో అక్క కనబడింది.

"ఆ పొద్దు ఏమైనాదో తెలిసినాదా అప్పా? నా తప్పేనేమో అని ఇంకా అనుకుంటా ఉండా."

"తెలీలేదక్కా," అని బస్సెక్కేశాను.