ఎవరి ఒంటి మీది బంగారం

పాత గొలుసును వేడి కుంకుడు రసంలో వేయగానే పసుపు వాసన లేస్తుంది. ఏళ్ళ తరబడి లంకెల మధ్య ఇరుక్కుపోయిన పసుపు, చెమట, కొబ్బరినూనె అన్నీ కలిసి పైకొస్తాయి. గుడివాడలో నేను పనిచేసే నగల షోరూములో ఏసీ చల్లదనం, సెంటు, అద్దాలు తుడిచే మందు వాసనల మధ్య కూడా అది ఇట్టే తెలిసిపోతుంది. మొన్న ఒక పెళ్ళికూతురు మార్పిడికి తెచ్చిన గొలుసు నుంచి ఆ వాసన వచ్చింది. చదువుకున్న పిల్ల. కొత్త నెక్లెసు చూస్తూ, "మీ బంగారం ఎక్కడి నుంచి వస్తుందండీ? గనుల్లో చిన్నపిల్లల చేత తవ్వించింది కాదుగా? నదుల్లో విషం కలిపి తీసింది కాదుగా?" అని అడిగింది. ఈమధ్య ఇలా అడిగేవాళ్ళు అక్కడక్కడా వస్తున్నారు. వాళ్ళకు ఏం చెప్పాలో మమ్మల్ని ఒక పూటంతా కూర్చోబెట్టి నేర్పించారు, చేతికి ఒక కార్డు కూడా ఇచ్చారు. కార్డులో ఉన్నదంతా చెప్పాను. పిల్ల తృప్తిపడింది. అప్పుడు నేనడిగాను, "మరి ఈ గొలుసు ఎవరిదమ్మా?" అని. "మా నానమ్మదండి" అంది. "ఆవిడ పేరు?" అన్నాను. ఆ పిల్ల నోరు తెరిచి ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచీ నానమ్మ అనడమే కానీ పేరుతో ఎప్పుడు పనిబడింది గనక. తండ్రికి ఫోన్ చేసి కనుక్కుంది. "సీతామహాలక్ష్మి అటండీ" అని నాతో చెబుతూ ఆ పిల్ల గొలుసును వేళ్ళతో తడిమింది. గొలుసు మారుస్తానన్న మనిషి దాన్ని తిరిగి బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయింది. మా మేనేజరు నా వైపు చూసిన చూపు సంగతి ఇక్కడ రాయను.

ఆ ప్రశ్న నాది కాదు. నేను కరుణమ్మ గారి దగ్గర నేర్చుకున్నది. బందరులో ఆవిడకు ఒక చిన్న నగల కొట్టు ఉండేది. ఒక అద్దాల బల్ల, రెండు కుర్చీలు, పక్కగా ఒక బీరువా. బీరువాలో చిలకలపూడి రోల్డు గోల్డు నగలు. బల్లలో బంగారం. ఆ బంగారమంతా జనం అమ్మిన పాత నగలను కొని, కరిగించి, చిలకలపూడిలో ఉండే కంసాలి ఆచారి గారి చేత మళ్ళీ చేయించినదే. డిగ్రీ చేతబట్టుకుని ఊరంతా తిరిగి విసిగిపోయిన రోజుల్లో నేను అక్కడ పనిలో చేరాను. ఆవిడ పొట్టిగా, నల్లగా, తెల్లటి నేత చీరలో ఉండేవారు. నగల కొట్టు నడుపుతూ ఒంటి మీద వీసమెత్తు బంగారం పెట్టుకునేవారు కాదు. చెవులు బోసిగా ఉండేవి. చర్చికి వెళ్ళే మనిషి గనక అదేదో వాళ్ళ పద్ధతి అనుకున్నాను. కానీ అదే చర్చికి వెళ్ళే మిగతా ఆడవాళ్ళు మా కొట్టుకే వచ్చి గాజులు చేయించుకునేవారు. ఆ తేడా నా బుర్రకు తట్టడానికి చాలాకాలం పట్టింది.

నేను చేరిన కొత్తల్లోనే ఒకాయన గొలుసు అమ్మడానికి వచ్చాడు. కరుణమ్మ గారు గొలుసు అందుకోకుండానే, "ఎవరి ఒంటి మీదిదండీ ఇది?" అని అడిగారు. ఆయన విసుగ్గా మా ఆవిడది అన్నాడు. "ఆవిణ్ణి కూడా ఒకసారి తీసుకురండి" అన్నారీవిడ. "బంగారం నీకెందుకమ్మా, పోలీసు ఉద్యోగం చేసుకోకూడదూ" అని ఆయన లేచి వెళ్ళిపోయాడు. అదే వీధిలో ఎదురుగా ఉన్న ఇంకో కొట్టులోకి వెళ్ళడం, నవ్వుకుంటూ ఖాళీ చేతులతో బయటికి రావడం మేమిద్దరం అద్దంలోంచి చూశాం. "వాళ్ళు కొన్నారుగా అండీ. మనం కొనకపోతే ఆగిందా?" అన్నాను. "ఆగలేదు. మన బల్ల మీద నుంచి మాత్రం పోలేదుగా" అని ఆవిడ మళ్ళీ బల్ల తుడవడం మొదలుపెట్టారు. ఇలాంటి కొట్లో నా జీతం ఎన్నాళ్ళు నడుస్తుందా అని నాకు గుబులు పట్టుకుంది.

ఆవిడకు ఇంకో పట్టుదల ఉండేది. ఒకరి బంగారం ఇంకొకరి బంగారంతో కలవకూడదు. ఎవరిది వాళ్ళదిగా విడివిడిగా మూసలో కరిగించాలి. మామూలుగా ఏ కంసాలీ అలా చేయడు. నాలుగు చోట్ల నుంచి వచ్చినదంతా కలిపి ఒకేసారి కరిగిస్తాడు. "తరుగు పోతుందమ్మా, బొగ్గులు దండగ, నా కళ్ళు దండగ" అని ఆచారి గారు ప్రతిసారీ గొణిగేవారు. గొణుగుతూనే చేసేవారు. అందువల్ల మా బల్లలో ఉన్న ప్రతి నగ వెనకా ఒక మనిషి ఉండేది. కొనేవాళ్ళకు కరుణమ్మ గారు ఆ మనిషి సంగతి చెప్పేవారు. ఇది ఉయ్యూరు టీచరమ్మ గారి గాజు, పిల్లాడి ఫీజు కోసం ఇచ్చారు. ఇది ఫలానా పెద్దావిడ మెడలోని నాంతాడు, తనే వచ్చి అమ్ముకుని తీర్థయాత్రకు వెళ్ళింది. రోల్డు గోల్డు అడిగినవాళ్ళతోనూ అంతే. "ఇది పూతేనండీ, చెమట తగిలితే రంగు పోద్ది, బంగారం అని ఎవరికీ చెప్పుకోకండి" అనేవారు. అలా చెబితే ఎవరు కొంటారండీ అని నేను లోపల్లోపల ఉడికిపోయేదాన్ని.

అసలు దెబ్బ వీరమ్మ కమ్మల దగ్గర తగిలింది. వీరమ్మ మంగినపూడి వైపు నుంచి ఆటోలో బందరుకు చేపల తట్ట తెచ్చుకుని అమ్ముకునే మనిషి. వేటకెళ్ళిన భర్త పడవతో సహా తిరిగి రాలేదు. కొంతకాలానికి కమ్మలు తెచ్చి మా బల్ల మీద పెట్టింది. అడగకముందే, "నాయేనమ్మా, మా ఆయన కొన్నాడు. పెట్టుకునే యోగం పోయింది. ఎవురన్నా పచ్చగా ఉండే పిల్ల పెట్టుకుంటే చూడాలనుంది" అని చెప్పింది. కరుణమ్మ గారు ఆ బంగారంతో ఒక జత బుట్టకమ్మలు చేయించారు. ఆచారి గారు అన్నాళ్ళలో అంత ముచ్చటైన పని చేయలేదు. గుడివాడ నుంచి ఒక తల్లీ కూతురూ పెళ్ళి నగలకని వచ్చారు. ఆ బుట్టలు చూడగానే పిల్ల ముఖం విప్పారింది. చెవికి ఆనించుకుని అద్దం ముందు నుంచి కదలలేదు. తల్లి మాటవరసకు, "కొత్త బంగారమేగా అండీ?" అంది. అవునండీ అంటే ఆ క్షణంలోనే బేరం అయిపోయేది.

కరుణమ్మ గారు ఉన్నదున్నట్టు చెప్పారు. వీరమ్మ పేరు, ఊరు, భర్త సంగతి, ఆమె కోరిక. తల్లి గబుక్కున కూతురు చెవి దగ్గర నుంచి బుట్టను లాగినట్టుగా తీసి బల్ల మీద పెట్టేసింది. "శుభమా అని పెళ్ళి నగలకొస్తే మొగుడు పోయినావిడ బంగారం పెడతారా మా పిల్లకి" అని లేచింది. పిల్ల ఏదో అనబోయింది. తల్లి చేయి పట్టుకుని మెట్లు దింపేసింది. ఆ మాట గుడివాడ దాకా, అక్కడి నుంచి మా వీధి చివరి దాకా పాకింది. ఆ కొట్లో అన్నీ విధవల నగలేనట అని జనం మా గుమ్మం ముందు నుంచే చూసుకుంటూ పోయేవారు. శ్రావణమాసంలో కూడా మా కుర్చీలు ఖాళీగా ఉండేవి. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "అంతా చెప్పాలా అండీ? కొత్తదేగా అంటే అవుననొచ్చుగా. పనితనం కొత్తదేగా" అన్నాను.

"పనితనం సంగతి కాదుగా ఆవిడ అడిగింది" అన్నారు. "కొత్త బంగారమనేది ఎక్కడుందమ్మాయ్. గనిలోంచి తీసినా దాన్ని తవ్విన మనిషి ఒకడుంటాడుగా. వాడు బతికున్నాడో లేదో మనకెవరూ చెప్పరు. అందుకని కొత్తదంటున్నాం" అన్నారు. షోరూములో నాకు పూటంతా నేర్పిన పాఠం ఇదేనని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నాకు చిరాకే వేసింది.

ఆ మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. వీధిలో నరపురుగు లేదు. ఇద్దరం క్యారియర్లు విప్పుకుని ఎదురెదురుగా కూర్చున్నాం. ఏ మాటా అడగకుండానే ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడది దివిసీమలో సముద్రానికి దగ్గరి పల్లె. ఉప్పెన వచ్చిననాటికి చిన్నపిల్ల. తండ్రి ఆవిణ్ణి బడి కప్పు మీదికి ఎక్కించి, తల్లికి చేయి అందించేలోపు నీళ్ళు వచ్చేశాయట. నీళ్ళు తీశాక కాలవ గట్టున తల్లి దొరికింది. "చీర అంచు చూసి నాన్న గుర్తుపట్టాడు. చెవులకు కమ్మల్లేవు. తమ్మెలు చీలి ఉన్నాయి" అన్నారు. నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "సముద్రం చీర వదిలేసి కమ్మలు తీసుకోదుగా జ్యోతీ."

"అవి ఎప్పటికైనా దొరుకుతాయనా అండీ మీరు అలా అడిగేది?" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "ఎప్పుడో కరిగిపోయుంటాయి. ఏ తల్లి చెవులకో ఉంటాయి. ఆవిణ్ణేమంటాం, తెలిసి కొనుక్కుందా. తీసినవాణ్ణి కూడా ఏమీ అనను, వాడింట్లో ఎంతమంది పోయారో. కానీ వాడు ఏదో ఒక కొట్టుకు తెచ్చుంటాడుగా. ఆ కొట్టాయన, ఇది ఎవరిది బాబూ అని ఒక్క మాట అడిగుంటే చాలు. మా అమ్మ అనే మనిషి ఉందని ఆ క్షణమన్నా ఒకడికి తెలిసేది." తర్వాత ఆవిడ మజ్జిగ పోసుకుని అన్నం తినేశారు. నేను తినలేకపోయాను. అంతమంది వచ్చిపోయే బజారులో ఆవిడ ఇన్నేళ్ళూ ఎంత ఒంటరిగా కూర్చున్నారో ఆ పూట అర్థమైంది.

కొన్నాళ్ళకు వీరమ్మ వచ్చింది. తట్ట గుమ్మం బయట పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికొచ్చింది. "నాయి ఎవురు పెట్టుకున్నారమ్మగారూ?" అని అడిగింది. ఈ ఒక్కసారికి ఆవిడ అబద్ధం చెబితే బావుండునని మనసారా కోరుకున్నాను. బుట్టలు బల్ల కిందే ఉన్నాయి. గుడివాడ పిల్ల తీసుకుందని ఒక్క మాటంటే ఆ మనిషి సంతోషంగా వెళ్ళిపోయేది. కరుణమ్మ గారు బల్ల తుడిచే గుడ్డను మడతపెట్టి మళ్ళీ విప్పారు. ఆవిడ అలా తడబడటం నేనెప్పుడూ చూడలేదు.

"ఎవరూ పెట్టుకోలేదు వీరమ్మా. నీ సంగతి చెప్పాను. చెబితే వెళ్ళిపోయారు" అన్నారు చివరికి. వీరమ్మ నేల మీద కూలబడింది. "చెప్పకపోతే కొనేవోళ్ళుగా అమ్మా" అంది. "కొనేవాళ్ళే. అవి నీవని ఎవరికీ తెలియకుండా పోయేది" అన్నారు కరుణమ్మ గారు. వీరమ్మ ఏడవలేదు. తిట్టలేదు. "అయితే నా చెయ్యి తగిలిందేదీ ఇంక ఎవురికీ పనికిరాదన్నమాట" అని మాత్రం అంది. నిజం చెప్పి కరుణమ్మ గారు కొట్టు పోగొట్టుకుంటున్నారు, ఇప్పుడు ఎవరి కోసం చెప్పారో ఆ మనిషిని కూడా నొప్పించారు.

"నేను పెట్టుకుంటానండీ" అన్నాను. అనే ముందు ఏమీ ఆలోచించలేదు. నాకు పెళ్ళి కాలేదు. ఈ సంగతి తెలిస్తే మా అమ్మ ఇంట్లోకి రానిస్తుందో లేదో కూడా తెలియదు. కరుణమ్మ గారు నన్ను ఎగాదిగా చూశారు. "జాలిపడి అయితే వద్దు" అన్నారు. "జాలి కాదండీ. ఆ పిల్ల అద్దం ముందు నిలబడ్డప్పటి నుంచీ నాకు వాటి మీదే కన్ను" అన్నాను. అది నిజమే. డబ్బు నా జీతంలోంచి నెలనెలా ఇచ్చుకుంటానన్నాను. వీరమ్మ లేచొచ్చి, చేపల వాసన వదలని ఆ వేళ్ళతోనే బుట్టలు నా చెవులకు పెట్టి శీలలు బిగించింది. రెండడుగులు వెనక్కి వేసి చూసింది. "మా ఆయన తెచ్చినప్పటి కంటే బాగుండాయి" అంది. అప్పుడు ఏడ్చింది.

కొట్టు ఆ ఏడాది దాటలేదు. కరుణమ్మ గారు దివిసీమకు వెళ్ళిపోయారు. నేను గుడివాడ వచ్చాను. తర్వాత జబ్బుచేసి ఆవిడ పోయారని తెలిసి వెళ్ళాను. సమాధి దగ్గర పట్టుమని పదిమంది లేరు. బందరులో ఆవిణ్ణి ఎరిగినవాళ్ళలో వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. వీరమ్మ కూడా ఇప్పుడు లేదు. కరుణమ్మ గారి ఆ జుట్టు ముడి, ఆ తెల్ల చీర, బల్ల తుడిచే ఆ చేయి ఎలా ఉండేవో మాట్లాడుకోవడానికి నాకు మనిషి లేదు. పనయ్యాక గదికి వెళ్ళి తలుపు వేసుకుంటే ఆ దిగులు బాగా తెలుస్తుంది.

షోరూములో అప్పుడప్పుడు ఎవరైనా, "మీ బుట్టలు బావున్నాయండీ, ఏ మోడలు?" అంటారు. మోడలు పేరు చెప్పమని మేనేజరు మొత్తుకుంటాడు. నేను మంగినపూడి వీరమ్మ గురించి, కరుణమ్మ గారి గురించి చెబుతాను. కొందరి ముఖం ముడుచుకుంటుంది. కొందరు వింటారు. నాకు పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు. నా తర్వాత ఇవి ఎవరి చేతికో పోతాయి. వాళ్ళు ఏదో ఒక కొట్టుకు తీసుకెళ్తారు. ఆ కొట్టులో ఎవరివమ్మా ఇవి అని అడిగే మనిషి ఉన్నా, జవాబు తెలిసిన మనిషి మిగలాలి కదా. అందుకే కొనేవాళ్ళకూ, కొననివాళ్ళకూ, ఊరికే దారిన పోతూ అద్దంలోంచి చూసేవాళ్ళకూ కూడా ఇప్పుడే చెప్పేస్తున్నాను.