కాలు తగలకూడని పెట్టె

మా ప్రొద్దుటూరు ఆర్కెస్ట్రాలో గిటారు వాయించినాయన్ని అందరం మామా అనేవాళ్లం. ఆ రోజుల్లో మద్రాసు నుంచి ఓ చిన్న ఇనుపపెట్టె తెప్పించాడు. దాని మీట కాలితో నొక్కితే గిటారు పులిలా గాండ్రిస్తుంది. చేతులు రెండూ గిటారు మీదే ఉంటాయి గనక కాలితో నొక్కాలి. ఈ సంగతి పెట్టె చేసినవాడికి తెలిసింది గానీ మామకు నచ్చలేదు.

"వాయిద్యాన్ని యాడన్నా కాలితో తొక్కుతారా? సరస్వతప్పా అది!"

పెట్టెకు బొట్టు పెట్టి, పీట మీద కూర్చోబెట్టాడు. పాటలో తన వంతు రాగానే వాయించడం ఆపి, వంగి, వేలితో మీట నొక్కి, ఆ వేలు కళ్లకద్దుకుని లేచేవాడు. అప్పటికి గాయకుడు రెండో చరణంలో ఉండేవాడు. గాండ్రింపు ఆపాలంటే మళ్లీ వంగాలి, మామకేమో నడుం నొప్పి. జమ్మలమడుగు పెళ్లిలో అప్పగింతల పాట మొత్తం పులే పాడింది.

ఆ ఖ్యాతి పులివెందుల దాకా పాకింది. అక్కడి పెళ్లిపెద్ద ముందే చెప్పేశాడు: "ఆడ మాదిరి ఈడ గూడా చేస్తే ఇంగ మిమ్మల్ని పిలవం."

మామ ముఖం మాడిపోయింది. వేదికెక్కాక పీట తీసేసి, పెట్టెను నా కాళ్ల దగ్గర పెట్టాడు. నేను కుర్చీలో కూర్చుని చేతులతో బాంగో డ్రమ్ములు వాయించేవాణ్ణి, కాళ్లు ఖాళీ.

"నేను తల ఊపితే నువ్వు తొక్కప్పా."

"మరి సరస్వతి, మామా?"

"తొక్కేది నువ్వు గదా! నాకేం పాపం?"

ఆ పూట పులి వేళకు గాండ్రించింది, వేళకు ఊరుకుంది. చప్పట్లు మోగుతుంటే మామ పరవశించి, పెట్టెను రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకున్నాడు. నా కాలి దుమ్ము అప్పటికింకా దాని మీదే ఉంది.