మా ఇంట్లో పిల్లికి ముద్ద పెట్టేవాళ్ళు కాదు

మా చిన్నప్పుడు... అన్నాలకు కూర్చోగానే చారల పిల్లి వచ్చి నా మోకాలికి ఒళ్ళు రాసుకునేది. మా నాయనమ్మను జేజి అని పిలిచేవాళ్ళం. జేజి విసనకర్ర తిరగేసి నేల మీద ఒక్కటి కొట్టేది. పిల్లి గడప దాటి పోయేది.

ముద్ద రుచి చూపిస్తే పిల్లి ఇక ఎలుకల జోలికి పోదని జేజి నమ్మకం. ఆమెదే కాదు, గిద్దలూరు పక్కన మా పల్లెలో అందరిదీ అదే మాట. కుక్కకైనా మిగిలిన సంగటి పడేది గానీ, పిల్లికి చుక్క మజ్జిగ కూడా దక్కేది కాదు.

నాకేమో చెప్పిన మాట వినని గుణం. నాలుగో తరగతి అప్పుడు. ఆ వేసవిలో పిల్లి గడ్డివాములో మూడు పిల్లల్ని పెట్టి, డొక్కలు బయటపడేంత చిక్కిపోయింది. పాలగిన్నె గీరిన మీగడ, పెరుగన్నం చివరి ముద్ద, ఎండుచేపల తలకాయలు... దొరికింది దొరికినట్టు కొబ్బరిచిప్పలో వేసి వాము వెనక పెట్టేదాన్ని. అది తింటూనే గుర్రుమనేది. ఆ చప్పుడు వినడం కోసమే పెట్టేదాన్నేమో కూడా.

తొలకరికి ముందు విత్తనాల గదిలో ఎలుకలు పడ్డాయి. వేరుశనగను మావైపు బుడ్డలంటాం. విత్తనం బుడ్డల సంచులు అడుగున కొరికి, పొట్టు కుప్ప పోశాయి. నాయన ఆ పొట్టు పిడికెడు తీసుకుని ఊది, గింజ మిగిలిందేమో వెతికాడు. ఆ విత్తనం పోతే ఆ ఏడు చేను బీడే.

జేజి నేరుగా వాము వెనక్కి పోయి, కొబ్బరిచిప్ప తెచ్చి నాయన ముందు పెట్టింది.

"నీ కూతురు దాన్ని ఇట్ల మేపుతాంది. ఇంగ అది ఎలకల్నేం పడతాది?"

నాయన నన్ను కొట్టలేదు. "ఇట్ల చేస్తే మనమేం తినాలమ్మా" అన్నాడు. అంతకంటే కొట్టినా బాగుండేది.

మర్నాడు గిద్దలూరు నుంచి ఎలుకల మందు తెచ్చాడు. సజ్జపిండిలో నూనె పోసి, మందు కలిపి, ఉండలు చేసి గదిలో పెట్టాడు.

"పిల్లి తింటే, నాయనా?" అని అడిగాను.

"పిండి ముద్ద పిల్లెందుకు తింటాది? నువ్వు మాత్రం ఆ దిక్కు పోబాక."

మందు తిన్న ఎలుకను పిల్లి తింటే ఏమవుతుందని మాలో ఒక్కరికీ తోచలేదు.

రెండు రోజులు నేను మంచి పిల్లనై, వాము వెనక ఏమీ పెట్టలేదు. పిల్లి వచ్చి మోకాలికి రాసుకుంటే కాలు ముడుచుకుని కంచంలోకి చూశాను. మూడో రోజు పొద్దున అది విత్తనాల గది కిటికీలోంచి నోట ఎలుకతో దూకింది. నాకు ఎంత సంతోషమైందో. "జేజీ, పట్టినాది చూడు" అని నేనే పిలిచాను.

"చూసినావా? కడుపు కాలితే అదే పడతాది" అంది జేజి.

మధ్యాహ్నానికి పిల్లి నోట నురగ... వెనక కాళ్ళు పడిపోయాయి. ముందు కాళ్ళతో ఈడ్చుకుంటూ పిల్లల దగ్గరికి పోవాలని చూసింది. వాము ఇంకా నాలుగడుగులుందనగా పడిపోయింది. నేను దగ్గరికి పోలేకపోయాను. పిల్లలు లోపల అరుస్తూనే ఉన్నాయి.

అప్పుడు అదే జేజి గుడ్డపేలిక బర్రెపాలలో ముంచి ఆ మూడింటి నోళ్ళలో పిండింది. ఆ పాలు వాటికి పడవని మాకేం తెలుసు... విరేచనాలు పట్టుకుని, వారం తిరగకుండానే ఒకదాని వెనక ఒకటి పోయాయి. జేజి మళ్ళీ పిల్లి మాట ఎత్తలేదు. మిగిలిన విత్తనం దక్కింది. ఆ ఏడు కాయ కూడా బాగా వచ్చింది. నాకు మాత్రం తినబుద్ధి కాలేదు.

ఇప్పుడు మార్కాపురంలో ఉంటున్నాం. దుకాణాల్లో పిల్లుల తిండి పొట్లాలు వేలాడుతున్నాయి. మా పిల్లికి ఉప్పు, కారం, ఉల్లిపాయ తగలకుండా కోడిమాంసం ఉడికించి, ఎముకలు తీసి పెడతాను. అప్పుడప్పుడు ఉడికిన గుడ్డు ముక్క. పాలు పోయను.

దానికి సూది వేయించడానికి పోయినప్పుడు పశువుల డాక్టరును ఈ సంగతే అడిగాను.

"కడుపు నిండినా పిల్లి వేటాడతదమ్మా, అది దాని గుణం. మీ పిల్లి అప్పుడు పిల్లల తల్లి గదా, వాటిని ఇడిసిపెట్టి రాలేక ఎలకల ఎంట పడుండదు" అన్నాడు.

డాక్టరుకు డబ్బులిచ్చి బయటికొచ్చి, పిల్లి బుట్ట ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రి అరుగు మీద కూర్చున్నాను. దొంగతనంగా పెట్టిన ముద్దల వల్ల ఏ నష్టమూ జరగలేదన్నమాట. ఆ రెండు రోజులు కూడా పెట్టి ఉంటే అది ఆ ఎలుకను ముట్టేది కాదేమో... ముట్టేదేమో. ఇప్పుడెవరు చెప్పగలరు?

మీ ఇళ్ళల్లో పిల్లికి ఎవరైనా ముద్ద పెట్టేవాళ్ళా? ఏం పెట్టేవాళ్ళో కింద రాయండి... పెద్దవాళ్ళు కసురుకున్నా వినకుండా పెట్టినవాళ్ళుంటే, ముందు మీరే రాయండి. నేను జన్మలో మాట విన్నది ఆ రెండు రోజులే.