తలుపు అతికింది, నేను లోపల

లాక్‌డౌన్‌లో ఇంట్లో ఇరుక్కుపోయామని మీరందరూ చెప్పుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. నేను అంతకంటే చాలా చిన్న చోట ఇరుక్కున్నాను. అదీ గవర్నమెంటు చెప్పిందని కాదు, నా చేత్తో నేనే గమ్ము పూసుకుని. కూర్చోండి, టీ చల్లారేలోపు చెప్పేస్తాను.

అప్పుడు మేం ఐర్లండ్‌లో, కార్క్ నుంచి రింగాస్కిడీ వెళ్ళే దారిలో ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన శ్రీధర్ కార్క్‌లో హాస్పిటల్ డాక్టరు. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే ఇంకొకళ్ళు చేసిన తప్పులు పట్టుకుని జీతం తీసుకునే ఉద్యోగం. మా అత్తయ్యగారు తెనాలి నుంచి రెండు నెలలుండి వెళ్దామని వచ్చారు. ఈలోపు ఫ్లైట్లు ఆగిపోయాయి. ఆవిడకి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ఆవిడ దగ్గరికి కరోనా రానివ్వకూడదన్నదే మా ఇద్దరికీ అప్పట్లో పెద్ద బెంగ.

ఆవిడకి ఐర్లండంతా తిప్పి చూపిద్దామని, కరోనా గోల మొదలవకముందే ఒక పాత క్యాంపర్ కొన్నాం. వ్యాన్ కాదు. పికప్ ట్రక్కు ఉంటుంది కదా, దాని వెనక తొట్టిలో ఎక్కించే చిన్న గది. లోపల ఒక మంచం, ఒక స్టవ్, ఒక సింకు. వెనకవైపు ఒకటే తలుపు. మాకు అమ్మిన రైతు చివరి మూడేళ్ళు దాంట్లో కోళ్ళని పెట్టాడు. ఆ మాట అతను చెప్పలేదు, వాసన చెప్పింది. ట్రక్కుతో సహా మా బడ్జెట్‌లో వచ్చినప్పుడే మాకు అనుమానం రావాల్సింది.

కొన్న నెలకి ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదన్నారు. ఐర్లండ్ చూపిస్తానన్న బండి మా ఇంటి ముందు కంకర మీదే ఉండిపోయింది. సరే, ఖాళీగా ఉండటం ఎందుకని సాయంత్రాలు దాన్ని బాగుచేయడం మొదలుపెట్టాం. వెనిగర్ పోసి గోడలు కడిగాం. ఎవరో పారేసిన చెక్క పాలెట్లు విప్పి నేల వేశాం. పాత సోఫాలో ఫోమ్ కోసి పరుపు చేశాం. అత్తయ్యగారు తన నేతచీర ఒకటి కత్తిరించి, చేత్తో కుట్టి కిటికీకి తెర కట్టారు. ముదురు ఆకుపచ్చ మీద పసుపు అంచు. ఆ తెర కట్టాక అది కోళ్ళగూడులా కాకుండా ఎవరో ఉండే చోటులా కనపడింది.

ఒకరోజు మా ఆయన ఇంటికొచ్చి, బూట్లు గుమ్మం బయటే విప్పి, ఎల్లుండి నుంచి నాకు కోవిడ్ వార్డు అన్నాడు. మాకున్నవి రెండు గదులు, ఒక బాత్రూమ్. ముగ్గురం కిటికీలోంచి క్యాంపర్ వైపు చూశాం. అదే దారి. ఆయన బాత్రూమ్‌కి హాస్పిటల్ వాడుకుంటాడు, డ్యూటీ నుంచి నేరుగా వచ్చి అందులో పడుకుంటాడు, అన్నం మెట్టు మీద పెడతాం.

చిక్కల్లా ఏమిటంటే అది కారుతుంది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు ఎప్పుడో చీకిపోయింది. వాన పడితే నీళ్ళు లోపలికొస్తాయి. కార్క్‌లో వాన పడనిదెప్పుడో మీకు తెలుసు కదా. కొత్త రబ్బరు పట్టీ అప్పటికే తెప్పించాను గానీ, దాన్ని అతికించే గమ్ము ఆన్‌లైన్‌లో రెండు వారాలు పడుతుందంటోంది.

మా పక్కింటాయన డోనల్. డెబ్బై అయిదేళ్ళుంటాయి, ఒకప్పుడు చేపల పడవల్లో పనిచేశాడు. డెబ్బై దాటినవాళ్ళు గేటు దాటొద్దన్నారు కాబట్టి రోజంతా తన బంగాళాదుంప మళ్ళలోనే ఉండేవాడు. మా గోల విని షెడ్డులోంచి ఒక నల్ల ట్యూబు తెచ్చి గోడ మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. పడవలకి వాడేదట, సముద్రం అడుగున కూడా ఊడదట. తర్వాత ఎలా వాడాలో వివరంగా చెప్పాడు. ఒకపక్క గాలి, ఇంకోపక్క అసలైన కార్క్ యాస. పక్కపక్కన ఉండి ఆరేళ్ళయినా డోనల్ మాటల్లో నాకు సగమే తెలిసేవి, మిగతా సగానికి గ్రాండ్ అనేదాన్ని, అక్కడ అన్నిటికీ బాగుందనే మాట అదే. ఆరోజు నా చెవిన పడ్డవి మూడే మాటలు. తలుపు మూయడం, పొద్దుటిదాకా, ప్రెస్. గ్రాండ్ అన్నాను.

మర్నాడు శెలవు పెట్టాను. మా ఆయన వార్డు ట్రైనింగ్‌కి వెళ్ళాడు, ఆరింటికి నేరుగా క్యాంపర్‌లోకే వస్తానన్నాడు. నేను పదింటికి మొదలుపెట్టాను. ముందు కిటికీ మూసి చుట్టూ సీలు వేశాను. తర్వాత తలుపు ఫ్రేముకి గమ్ము పూసి రబ్బరు అతికించాను. ట్యూబులో ఇంకా మిగిలింది. టెస్టింగ్ వాళ్ళకి ఒకసారి చేస్తే తృప్తి ఉండదు, రబ్బరు మీద కూడా ఇంకో వరస పూశాను. కింద మూల దగ్గరికి వచ్చేసరికి గమ్ము అయిపోయింది. నాలుగంగుళాలే కదా అని వదిలేశాను.

ఇప్పుడు తలుపు మూసి గట్టిగా ప్రెస్ చేయాలి. లోపల అలమరకి పెయింటు వేసే పని ఇంకా ఉంది. అందుకని నేను లోపలే ఉండి, తలుపు లాక్కుని, హ్యాండిల్ పట్టుకుని ఇరవై నిమిషాలు లోపలికి బిగించి లాగి పట్టుకున్నాను. చాలా శ్రద్ధగా చేశాను. తర్వాత పెయింటు వేసుకుంటూ కూర్చున్నాను. గంటన్నర తర్వాత దాహమేసింది. హ్యాండిల్ తిప్పాను. హ్యాండిల్ తిరిగింది. తలుపు కదల్లేదు. భుజంతో తోశాను. ట్రక్కు మొత్తం ఊగింది గానీ తలుపు మాత్రం కదల్లేదు.

ఫోను వంటింట్లో చార్జింగ్‌లో ఉంది. కిటికీ చూశాను, దానికి పొద్దున్నే నేనే సీలు వేశాను. ఇక మిగిలింది పైకప్పులో గాలికోసం ఉన్న చిన్న మూత. మంచమెక్కి దాన్ని తెరిచాను. తల పట్టింది, భుజాలు పట్టాయి, చేతులు బయటికొచ్చాయి. నడుం దగ్గర ఆగిపోయాను. లాక్‌డౌన్ మొదలైన దగ్గర్నుంచీ అత్తయ్యగారు రోజుకో స్వీటు చేస్తున్నారు మరి.

ఆవిడ వంటింట్లో ఉన్నారు, కుక్కర్ విజిల్, దాని మీద సీరియల్. నా కేక ఆవిడకి వినపడలేదు. డోనల్‌కి వినపడింది. తలెత్తి చూశాడు. క్యాంపర్ మీద సగం మనిషి, చెంప మీద నల్ల గమ్ము. టోపీ తీసి, బాగానే ఉన్నావా అని మర్యాదగా అడిగాడు. అలవాటు కొద్దీ గ్రాండ్ అన్నాను. ఆయన తలూపి మళ్ళీ బంగాళాదుంపల వైపు తిరిగాడు.

మళ్ళీ పిలవాల్సి వచ్చింది. "డోనల్, నేను గ్రాండ్‌గా లేను" అన్నాను. ఆరేళ్ళలో ఆయనతో నేను నిజం చెప్పడం అదే మొదటిసారి.

సంగతి విన్నాక, ఈసారి చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. నిన్న ఆయన అన్నది, పొద్దుటిదాకా తలుపు మూయనే వద్దని. మిగిలిన ట్యూబుని ప్రెస్‌లో పెట్టుకోమని. ఇక్కడ అలమరని ప్రెస్ అంటారని నాకు బాగా తెలుసు. అప్పటిదాకా పెయింటు వేసింది దానికే.

ఈలోపు అత్తయ్యగారు బయటికొచ్చారు. నన్ను కిందనుంచి పైకి, అంటే ఉన్నంతవరకు, చూశారు. అప్పటికి రెండయింది. డోనల్ గడ్డపార తెచ్చి తలుపు పెకలిస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆయన గేటు దాటకూడదు, అదొకటి. తలుపు విరిగితే రాత్రికి మా ఆయన ఎక్కడ పడుకుంటాడు, అది అసలు సంగతి. అంతసేపూ నవ్వులాటగానే ఉంది గానీ, ఆ మాటతో అది కాస్తా పోయింది. ఆయన ఇంట్లోకి రావాల్సి వస్తే? అత్తయ్యగారి వైపు చూడలేకపోయాను.

ఆవిడ మాత్రం నా వైపు చూడట్లేదు. తలుపు అంచుని వేలితో తడుముతున్నారు. "ఉడికించిన గుడ్డుని దారంతో కోస్తాం కదమ్మాయ్. దీన్నీ అలాగే కోస్తే?" అన్నారు.

ఆవిడకి ఇంగ్లీషు రాదు, డోనల్‌కి తెలుగు రాదు. పైకప్పు మీంచి నేను అనువాదం చేశాను. మీ అత్తగారు పడవలో ఉండాల్సిన మనిషి అంటూ డోనల్ షెడ్డులోకి వెళ్ళి గేలం కర్రతో తిరిగొచ్చాడు. పెద్ద చేపలకి వాడే తీగ, చేత్తో తెగదు. కొక్కెం తీసేసి సీసపు గుండు కట్టి, తన మళ్ళోనే నిలబడి గోడ మీదుగా మా వైపు విసిరాడు. మొదటిసారి మా బట్టల తీగకి చుట్టుకుని, ఆరేసిన మా ఆయన పైజమా ఊడి నేలమీద పడింది. రెండోసారి గుండు నా చెవి పక్కనుంచి వెళ్ళింది. మూడోసారి పట్టుకున్నాను.

మళ్ళీ లోపలికి దిగి, గమ్ము అందని ఆ నాలుగంగుళాల దగ్గర చీపురుపుల్లతో తీగ కొస బయటికి తోశాను. అవతల అత్తయ్యగారు ఓవెన్ గ్లవుజులు తొడుక్కుని పట్టుకున్నారు. ఇవతల నేను గిన్నెలు తోమే గ్లవుజులతో. ఆవిడ లాగితే నేను వదలాలి, నేను లాగితే ఆవిడ వదలాలి, పెద్ద కవ్వంతో మజ్జిగ చిలికినట్టు. గోడ అవతలి నుంచి డోనల్, మన పడవవాళ్ళు హైలెస్సా అన్నట్టు, "హీవ్" అని తాళం వేస్తున్నాడు. పది నిమిషాలకి అత్తయ్యగారు కూడా హీవ్ అనడం మొదలుపెట్టారు. మధ్యమధ్యలో ఆపి, కూర్చోమని, ఇన్‌హేలర్ పీల్చమని లోపలినుంచి బతిమాలుతూనే ఉన్నాను. ఆవిడ పీల్చి, ఊఁ లాగు అనేవారు.

మడతబందుల వైపు వదిలేసి మిగతా మూడు వైపులు కోయడానికి మూడు గంటలు పట్టింది. చివరి అంగుళం తెగేసరికి నేను మొత్తం బరువుతో తలుపుని నెడుతున్నాను. అది ఉన్నట్టుండి తెరుచుకుంది. నేను తలుపుతో పాటు వెళ్ళి కంకర మీద కూర్చున్నాను. అత్తయ్యగారు నన్ను దాటి వెళ్ళి ముందు రబ్బరు చూశారు. ఫ్రేముకి చెక్కుచెదరకుండా ఉంది. నేను అంతసేపు బిగించి పట్టుకున్నందుకో ఏమో, తలుపు ఆకారమే దాంట్లో అచ్చుపడింది. డోనల్ చెప్పినట్టు పౌడరు చల్లాం, మళ్ళీ అంటుకోకుండా మధ్యలో బటర్ పేపరు పెట్టాం.

ఆరుంపావుకి మా ఆయన వచ్చాడు. నేలమీద తన పైజమా, ఓవెన్ గ్లవుజుల్లో వాళ్ళమ్మ, నల్ల చెంపతో నేను, గోడ అవతల గేలంతో డోనల్. ఏమైంది అని అడిగాడు.

"ఏం లేదు నాన్నా, కాళ్ళు కడుక్కో" అన్నారు అత్తయ్యగారు.

ఆ రాత్రంతా కుండపోత. తెల్లారి నేను వంటింటి కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఏడింటికి క్యాంపర్ తలుపు మామూలుగా తెరుచుకుంది. మా ఆయన దిండు పట్టుకుని బయటికొచ్చి, అటూ ఇటూ తిప్పి దూరం నుంచి చూపించాడు. పొడిగా ఉంది. అప్పుడు ఏడ్చాను, ముందురోజు రాని ఏడుపంతా.

ఏడు వారాలు ఆయన అందులోనే పడుకున్నాడు. వాళ్ళమ్మ రోజూ వంటింటి కిటికీలోంచి ఆయనతో కబుర్లు చెప్పేవారు. ఇంట్లో ఎవరికీ ఏమీ రాలేదు. ఆంక్షలు సడలించాక ముగ్గురం అదే బండిలో గాల్వే దాకా వెళ్ళొచ్చాం కూడా.

అప్పట్నుంచి ఇక్కడ తెలుగువాళ్ళలో ఎవరు పాత క్యాంపర్ కొన్నా నాకే ఫోన్ చేస్తారు, పెద్ద ఎక్స్‌పర్టునని. మొన్న ఒకాయన నోట్‌బుక్ పట్టుకుని అడిగాడు, సీలు వేసే ముందు మొట్టమొదట ఏం చెక్ చేసుకోవాలండీ అని. మీరు తలుపుకి ఏ వైపున నిలబడ్డారో చూసుకోండి అన్నాను. భలే జోకులేస్తారండీ మీరు అని నవ్వి, అది తప్ప మిగతావన్నీ రాసుకున్నాడు.